నిదానపు నిప్పు: పెరటిలో పక్కటెముకలకు పొగ పట్టించే పద్ధతి

మాంసాన్ని నీటిలో ఉడికించడం, నూనెలో వేయించడం, మసాలా ముద్దతో మగ్గించడం కృష్ణా డెల్టా వంటింటికి తరతరాలుగా అలవడిన పద్ధతులు కాగా, కట్టెపొగలో గంటల తరబడి ఉంచి పొడి వేడితో మెత్తబరచడం మాత్రం ఇక్కడ వేళ్ళూనలేదు. దీనికి కారణాన్ని రుచిలో కన్న వాతావరణంలో వెతకడం సమంజసం. పొగను వంటకు చేర్చిన సమాజాలు చాలావరకు మొదట దానిని నిల్వకోసమే ఆశ్రయించాయి. ఎండ చాలని చలిదేశాలలో, తేమ విడవని అడవులలో మాంసాన్నీ చేపనూ చెడకుండా కాపాడడానికి పొగ ఒక ప్రధానమైన ఉపాయమైంది. బందరు గిలకలదిండి నుంచి నాగాయలంక వరకు ఉన్న తీరంలో ఎండకు గాని ఉప్పుకు గాని కొదువ లేదు కనుక, ఉప్పు పట్టించి ఇసుకపై ఆరవేస్తే ఎండుచేప తయారయ్యే చోట పొగగూటి అవసరం కలగలేదు.

అంతమాత్రాన నిదానపు నిప్పును నిలబెట్టే విద్య ఈ ప్రాంతానికి కొత్తదని భావించరాదు. పాడి ఉన్న ఇళ్ళ పెరళ్ళలో ఒకప్పుడు దాలి ఉండేది. నేలలో తవ్విన గుంటలోనో, మట్టితో కట్టిన గూటిలోనో పిడకలు పేర్చి, నిప్పు మంటగా లేవకుండా గంటల తరబడి రాజుకుంటూ ఉండేటట్లు చేసి, దానిపై పాలకుండను నిలిపే ఏర్పాటును దాలి అంటారు. పాలు పొంగకుండా, అడుగంటకుండా, ఎర్రబారి, మందమైన మీగడ కట్టి, పొగవాసనతో దిగేవి. దాలి వేసిన గృహిణి నైపుణ్యమంతా పిడకలు పేర్చడంలోనే ఉండేది. ఒకసారి పేర్చిన తరువాత ఆమె దానిని కదిలించక తన పనులు చూసుకునేది. పక్కటెముకలకు పొగ పట్టించడానికి కావలసింది కూడా ఇదే విధమైన నైపుణ్యం. శ్రమ ముందే ముగియాలి, ఆ తరువాత చేతిని అదుపులో ఉంచుకోవాలి. ఈ వంటలో విఫలమయ్యేవారిలో ఎక్కువమంది తెలియకపోవడం వల్ల కన్న ఓర్చుకోలేకపోవడం వల్లనే విఫలమవుతారు గనుక, యంత్రం సంగతీ కట్టెల సంగతీ ఎంత వివరంగా చెప్పినా, ఈ అధ్యాయం చివరికి ఆ ఓర్పును గురించినదే.

ఈ పనికోసం అమెరికాలో రూపొందిన సాధనం పెల్లెట్ స్మోకర్. ఆరెగాన్ రాష్ట్రంలోని మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊరిలో జో ట్రేగర్ 1980లలో దీనిని తయారుచేశాడు. ఆయన పేటెంటు గడువు తీరిన తరువాత మరికొన్ని సంస్థలు ఇదే సూత్రంతో యంత్రాలు తెచ్చాయి. పెల్లెట్ అంటే ఆరిన రంపపు పొట్టును గొప్ప ఒత్తిడితో అచ్చులో నొక్కి చేసిన, సుమారు 6 మిల్లీమీటర్ల మందం గల కట్టె గుళిక. ఒత్తిడికి పుట్టిన వేడిలో కట్టెలోని లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి తానే జిగురుగా పనిచేస్తుంది. యంత్రానికి ఒక పక్క ఉన్న తొట్టిలో ఈ గుళికలు పోస్తే, మరచుట్లు గల ఒక పొడవైన కడ్డీ నెమ్మదిగా తిరుగుతూ వాటిని కొద్దికొద్దిగా నిప్పుగిన్నెలోకి నెడుతుంది. వేడెక్కిన మరొక చిన్న కడ్డీ వాటిని అంటిస్తుంది, చిన్న ఫ్యాను గాలి ఊదుతుంది, లోపలి ఉష్ణోగ్రతను కొలిచే పరికరం గుళికల రాకను పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. డాలస్ పరిసరాలలోని ఫ్రిస్కో, ఇర్వింగ్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇటువంటి పొయ్యిలు పరిచితమైన వస్తువులే. పిల్లల వద్దకు వెళ్ళివచ్చిన తల్లిదండ్రుల ద్వారా ఆ రుచిపై ఆసక్తి కంకిపాడు, పెనమలూరు, గన్నవరం వైపు పెరటి ఇళ్ళ దాకా రావడంలో ఆశ్చర్యం లేదు.

అయితే అక్కడి యంత్రాన్ని ఇక్కడికి తెచ్చుకోదలచినవారు ముందుగా విద్యుత్తు సంగతి చూసుకోవాలి. అమెరికా సరఫరా 120 వోల్టులు, 60 సైకిళ్ళు. మన సరఫరా 230 వోల్టులు, 50 సైకిళ్ళు. వోల్టేజిని తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది గాని అది సైకిళ్ళను మార్చదు. ఏసీ మోటారు గల యంత్రంలో కడ్డీ వేగం దాదాపు ఆరింట ఐదు వంతులకు పడిపోయి, గుళికలు అనుకున్నదానికన్న తక్కువగా చేరి, నిప్పు తడబడుతుంది. డీసీ మోటారు గల నమూనాకు తగిన అడాప్టరు ఉంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది. కరెంటు పోవడం మరొక చిక్కు. ఫ్యాను, కడ్డీ రెండూ ఆగిపోయిన వేళ నిప్పుగిన్నెలోని మంట కడ్డీ మార్గం వెంట తొట్టివైపు పాకే అవకాశం ఉన్నందున, ఇన్వర్టరు ఆధారం లేకుండా పెల్లెట్ స్మోకర్‌ను నడపడం క్షేమం కాదు. వానాకాలపు తేమ ఈ గుళికలకు బద్ధశత్రువు. తడి తగిలిన గుళిక ఉబ్బి మళ్ళీ పొట్టుగా మారి, కడ్డీ మార్గంలో గట్టిపడి కూర్చుంటుంది. కనుక ప్రతి వంట తరువాత తొట్టిని ఖాళీ చేసి, మిగిలిన వాటిని గాలి చొరని డబ్బాలో దాచాలి.

విజయవాడ ఎండ కూడా ఈ యంత్రం పనితీరును మారుస్తుంది. బయట 42 డిగ్రీలు ఉన్న వైశాఖ మధ్యాహ్నం లోపలి వేడిని 110 డిగ్రీల వద్ద నిలపడానికి బహు కొద్ది గుళికలు చాలు, కొద్ది గుళికలు కాలితే కొద్ది పొగే వస్తుంది. వేడి సరిగా ఉన్నా మాంసానికి పొగవాసన అంటలేదని చాలామంది నిరాశపడడానికి కారణం ఇదే. రంధ్రాలున్న ఇనుప గొట్టంలో కొన్ని గుళికలు పోసి, ఒక కొన అంటించి లోపల ఉంచితే అది మంట లేకుండా విడిగా పొగనిచ్చి లోటు తీరుస్తుంది. సంక్రాంతి చలిలో, తెల్లవారుజామున మొదలుపెట్టే వంటకు ఈ లోటు అంతగా ఉండదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన ప్రాంతంలో బాయిలర్లకు, విద్యుత్ కేంద్రాలకు వాడే వ్యవసాయ వ్యర్థాల గుళికలు చూపులకు ఇటువంటివే అయినా, వాటిలో ఏ పదార్థం కలిసిందో, పంటపై ఏ మందు చల్లారో తెలియదు; ఆహారానికి తగిలే పొగకు అవి ఎంతమాత్రం పనికిరావు. వంటకోసమే చేసిన గుళికలు దొరకని ఇంటికి యంత్రం కన్న మూత గల బొగ్గుల పొయ్యి మేలు. అటువంటి పొయ్యి అంచు వెంట తుమ్మబొగ్గులను రెండు వరుసల అర్ధవలయంగా పేర్చి, వాటిపై అక్కడక్కడ కట్టెముక్కలు ఉంచి, ఒక కొనను మాత్రమే అంటిస్తే, నిప్పు ఒక బొగ్గు నుంచి మరొక బొగ్గుకు పాకుతూ గంటల తరబడి మందంగా సాగుతుంది. బొగ్గులు లేని వైపు జాలీపై మాంసం, దాని కింద నీటిపళ్ళెం ఉండాలి. మూతకున్న గాలిరంధ్రాన్ని పూర్తిగా తెరిచి, అడుగు రంధ్రంతో మాత్రమే వేడిని సర్దుకోవాలి. దాలి వేయడం చూసి పెరిగినవారికి ఈ పేర్పు చప్పున అర్థమవుతుంది.

అయితే దాలికీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. దాలిలో పాలు కుండ లోపల ఉంటాయి. ఇక్కడ మాంసం నేరుగా పొగకు ఎదురుగా ఉంటుంది. అందువల్ల పిడకలను పక్కన పెట్టి, ఏ కట్టె కాల్చాలన్న విషయాన్ని కొత్తగా నేర్చుకోవాలి. కట్టెలో ప్రధానంగా సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్ అనే మూడు పదార్థాలు ఉంటాయి. మొదటి రెండూ వేడికి విచ్చిపోయి రంగును, తీపి ఛాయలను ఇవ్వగా, లిగ్నిన్ నుంచి గ్వయకాల్, సిరింగాల్ అనే ఫీనాలు పుట్టి, పొగపట్టిన వంటకు ఉండే ప్రత్యేకమైన వాసనను ఇస్తాయి. గాలి చాలక మగ్గిన కట్టె నుంచి దట్టంగా వచ్చే తెల్లపొగ చేదును మోసుకువస్తుంది. బాగా ఆరిన కట్టె చిన్న మంటతో, చాలినంత గాలితో కాలుతున్నప్పుడు వచ్చే పల్చని నీలిపొగ మాత్రమే మాంసానికి తగినది. పొగ కనిపించీ కనిపించనట్లు ఉందంటే వంట సరిగా సాగుతున్నదని అర్థం.

డెల్టాలో దొరికే కట్టెలలో జామ అన్నిటికన్న అనువైనది. హవాయి దీవులలో మాంసానికి పొగ పెట్టడానికి ఇష్టపడే కట్టెలలో జామ ఒకటి. దాని పొగ మృదువుగా, స్వల్పమైన తీపితో ఉంటుంది. నూజివీడు తోటలలో కత్తిరించే మామిడి కొమ్మలు సులభంగా లభిస్తాయి గాని, పచ్చి మామిడి జీడి చర్మాన్ని పొక్కించే గుణం కలది కనుక బెరడు తీసి, ఏడాదిపాటు నీడలో ఆరిన కట్టెనే వాడాలి, మామిడి పడనివారు ఉన్న ఇంట దానిని మానివేయాలి. చింతకట్టె నిప్పు గట్టిది, నెమ్మదైనది. సర్కారు తుమ్మ విషయం ఆసక్తికరమైనది. చెరువుగట్లను, బీడు భూములను ఆక్రమించి రైతును విసిగించే ఈ ముళ్ళకంప అమెరికా ఖండాల నుంచి వచ్చినదే. టెక్సస్‌లో మాంసం కాల్చడానికి పేరుపొందిన మెస్కీట్ చెట్టుకు ఇది దగ్గరి బంధువు. దాని పొగ ఘాటైనది కాబట్టి మొదటి గంటలో రెండు మూడు ముక్కలకు మించి వేయరాదు. ఆ తరువాత జామకు మారితే ఘాటూ మృదుత్వమూ కలిసివస్తాయి. ఇంటి ముంగిట అడ్డుగా పెరిగే మొక్కకు ఇంతటి ఉపయోగం ఉండగా దూరదేశపు కట్టెకు వందల రూపాయలు పోయడం అనవసరం. వేప చేదును, జామాయిల్ ఔషధపు వాసనను ఇస్తాయి. జీడిమామిడి, జిల్లేడు జోలికి పోరాదు. గన్నేరు విషవృక్షం కనుక దాని పుల్లను నిప్పు రాజేయడానికి సైతం వాడరాదు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, పెట్టెల చెక్క కూడా నిషిద్ధమే.

మాంసం విషయానికి వస్తే, అమెరికాలో పక్కటెముకలంటే ప్రధానంగా పందివి, పశువువి. విజయవాడ మాంసం కొట్టులో సులభంగా దొరికేవి మేకపోతువి, గొర్రెవి. మేకకూ గొర్రెకూ సాధారణంగా 13 జతల పక్కటెముకలు ఉంటాయి. కొట్టువారు అలవాటుగా వాటిని మొద్దుపై పెట్టి చిన్న ముక్కలుగా కొడతారు. పొగవంటకు మాత్రం ఒక వైపు ఎముకలన్నీ విడిపోని పలకగా ఉండాలి. ఆదివారం రద్దీలో ఈ మాట వినిపించుకునే తీరిక ఎవరికీ ఉండదు గనుక ముందురోజే చెప్పి ఉంచుకోవడం ఉత్తమం. మేక పలక పల్చగా, కొవ్వు తక్కువగా ఉండి త్వరగా ఎండిపోతుంది. గొర్రె పలకపై కొవ్వు పొర ఎక్కువ కనుక తొలిసారి ప్రయత్నించేవారికి అదే అనుకూలం. దేశీయ గొర్రె జాతులలో ఎత్తైనదిగా పేరుపొందిన నెల్లూరు గొర్రె పలక పొడవుగా వచ్చి ఈ పనికి చక్కగా అమరుతుంది. పలక లోపలి వైపు ఎముకలను అంటిపెట్టుకున్న పల్చని పొరను చెంచా కాడతో ఒక మూల లేపి, పొడిగుడ్డతో పట్టుకొని లాగివేయాలి. అది ఉండిపోతే ఉప్పుకారాలు లోపలికి దిగవు, తినేటప్పుడు తోలులా అడ్డుపడుతుంది.

పక్కటెముకల మధ్య కండ గట్టిగా ఉండడానికి కారణం కొల్లాజెన్ అనే బంధక పదార్థం. అది సుమారు 70 డిగ్రీలు దాటిన తరువాత మెల్లగా కరిగి జెలటిన్‌గా, అంటే పాయా చారుకు చిక్కదనాన్నిచ్చే జిగురుగా, మారుతుంది. ఈ మార్పుకు వేడితోపాటు కాలం కూడా కావాలి. మంట పెంచితే కండలోని నీరు ముందే ఆవిరైపోతుంది, కొల్లాజెన్ మాత్రం కరగకుండా మిగులుతుంది. త్వరపడిన వంట ఎండిపోయి కూడా గట్టిగా ఉండడంలోని రహస్యం ఇదే. అందుకే పొయ్యి లోపలి ఉష్ణోగ్రతను 107 నుంచి 121 డిగ్రీల మధ్య, అంటే అమెరికా యంత్రాలపై కనిపించే ఫారన్‌హీట్ లెక్కలో 225 నుంచి 250 మధ్య నిలిపి, కండ లోపల 90 నుంచి 95 డిగ్రీలు వచ్చేదాకా ఆగాలి. మందమైన మాంసంలో, 70 డిగ్రీల ప్రాంతంలో ఉష్ణమాపకపు ముల్లు కదలకుండా చాలాసేపు నిలిచిపోతుంది. ఉపరితలం నుంచి ఆవిరయ్యే చెమ్మ, లోపలికి వచ్చే వేడిని ఎప్పటికప్పుడు తీసుకుపోతూ ఉండడం దీనికి కారణం. ఈ ఘట్టంలో నిప్పు పెంచాలన్న ఆత్రం కలగడం సహజం, దానికి లొంగినవారి వంట అక్కడే చెడుతుంది.

ముందురోజు రాత్రి కిలో మాంసానికి 15 గ్రాముల ఉప్పు పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచాలి. తెల్లవారి గుంటూరు కారం, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, ధనియాలు, జీలకర్ర, అరచెంచా దుగ్గిరాల పసుపు, ఒక పెద్ద చెంచా బెల్లం పొడి కలిపి పల్చగా అద్దాలి. పెరుగు ముద్ద దట్టంగా పట్టిస్తే పొగకు తెరగా నిలుస్తుంది. పచ్చి బొప్పాయి ఇంత దీర్ఘమైన వంటలో కండ పైభాగాన్ని పిండిలా చేస్తుంది. రెండూ ఇక్కడ అనవసరం. చల్లగా, కొద్దిపాటి చెమ్మతో ఉన్న మాంసానికి పొగ బాగా అంటుతుంది కనుక ఫ్రిజ్ నుంచి తీసిన పలకను నేరుగా జాలీపై పెట్టాలి.

పంది పలకకు అమెరికాలో మూడు గంటలు పొగ, రెండు గంటలు మూటకట్టు, ఒక గంట పూత అనే లెక్క ప్రచారంలో ఉంది. మన మేక, గొర్రె పలకలకు అంత కాలం పట్టదు. గంటన్నర నుంచి రెండు గంటలు పొగ, ఆపైన గంట నుంచి గంటన్నర మూట, చివర 20 నిమిషాలు పూత సరిపోతాయి. మూటకు అల్యూమినియం రేకును మాత్రమే వాడితే ఉప్పుకు రేకు కరిగి రుచిలో లోహపు వాసన కలుస్తుంది. సెగపై వాడ్చిన అరటి ఆకులో పలకను చుట్టి, రెండు మూడు చెంచాల ఎముకల రసం చల్లి, దానిపైన రేకు చుడితే ఆకు మధ్యలో అడ్డుగా నిలిచి ఆ వాసనను ఆపుతుంది. పూతకు చింతపండు గుజ్జు, బెల్లం, ఎండుమిరప, వెల్లుల్లి కలిపి చిక్కబడేదాకా కాచితే చాలు. సీసాలో అమ్మే తీపి సాసు అవసరం లేదు. బెల్లం త్వరగా మాడుతుంది గనుక ఈ పూత చివరి ఘట్టంలోనే వేయాలి. ఎముక కొనల నుంచి మాంసం సుమారు ఒక సెంటీమీటరు వెనక్కి జరిగి, పటకారుతో ఒక కొన ఎత్తినప్పుడు పలక వంగి పైపొర చిట్లితే పని పూర్తయినట్లే. ఎముక నుంచి దానంతటదే రాలిపోయే మాంసం అతిగా ఉడికినదని గ్రహించాలి.

ఈ మూడు నాలుగు గంటలలో వండేవారి పని ఏమిటన్న ప్రశ్నకు సమాధానం క్లుప్తమైనది: మూత తెరవకుండా ఉండడం. తెరిచిన ప్రతిసారీ కూడిన వేడి పోయి, నిప్పుకు గాలి ఎక్కువై, వంట వెనకబడుతుంది. చూడాలన్న కోరికకు మూలం తన ఏర్పాటుపై తనకే నమ్మకం చాలకపోవడం. ఆ నమ్మకం కలగడానికి ఒక చిన్న పుస్తకం ఎక్కువగా తోడ్పడుతుంది. తేదీ, బయటి వేడి, కట్టె రకం, మాంసం బరువు, ప్రతి అరగంటకు ముల్లు చూపిన అంకె, చివరి రుచి రాసుకుంటూ, ఒక వంటకూ మరొక వంటకూ మధ్య ఒక్క అంశాన్ని మాత్రమే మార్చితే, ఏ మార్పుకు ఏ ఫలితమో స్పష్టంగా తెలుస్తుంది. కట్టెనూ కారాన్నీ కాలాన్నీ ఒకేసారి మార్చినవారు రుచి బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలుసుకోలేరు.

నిప్పు గంటల తరబడి ఉండే చోటు విషయంలో అశ్రద్ధ పనికిరాదు. కార్బన్ మోనాక్సైడ్ వాసన లేని విషవాయువు కనుక గదిలో గాని, మూసిన బాల్కనీలో గాని ఈ వంట చేయకూడదు. కోతల తరువాత పల్లె పెరళ్ళలో గడ్డివాములు, పశువుల పాకలు ఉంటాయి. గాలి వాలు చూసి వాటికి చాలా దూరంగా పొయ్యి ఉంచి, రెండు బిందెల నీళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఇళ్ళు ఇరుకుగా ఉండే పటమట, మొగల్రాజపురం వంటి చోట్ల డాబాపై వండేవారు పక్కింటి కిటికీల వైపు పొగ పోకుండా చూడాలి. కార్తికమాసంలో నియమం పాటించే ఇళ్ళ మధ్య ఈ వంటను వాయిదా వేసుకోవడం ఇరుగుపొరుగు మర్యాద. ఆరోగ్యం సంగతి కూడా దాచరానిది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2015లో, పొగపెట్టి నిల్వచేసినవాటితో సహా ప్రాసెస్ చేసిన మాంసాలను క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. కారిన కొవ్వు నేరుగా నిప్పుపై పడి లేచే పొగలో హానికర పదార్థాలు మరింత ఎక్కువ. నీటిపళ్ళెం ఉంచడానికి ఒక ముఖ్యకారణం ఇదే. ఇది పండుగకో, బంధువులు వచ్చిన నాటికో పరిమితం కావలసిన వంట.

అందుకు కనుమను మించిన రోజు లేదు. ఆనాటి మినపగారెలకు ఎలాగూ మాంసం తోడుండాలి, జనవరి చలీ నిప్పుకు అనుకూలిస్తుంది. పొయ్యి నుంచి దించిన పలకను పావుగంట ఆగి కోసి, వెంటనే వేడి పళ్ళేలలో వడ్డించాలి. మేక, గొర్రె కొవ్వు పంది కొవ్వు కన్న ఎక్కువ వేడి వద్ద గడ్డకడుతుంది కనుక చల్లారితే పెదవులకు మైనంలా అంటుకుంటుంది. వేసవిలో వండినట్లయితే మిగిలిన ముక్కలను గంటకు మించి బయట ఉంచక ఫ్రిజ్‌లో పెట్టి, మళ్ళీ తినేటప్పుడు లోపలిదాకా 74 డిగ్రీల వేడి చేరేటట్లు కాచాలి. తిన్నాక మిగిలిన ఎముకలను ఉల్లి, చింతపండు, మునక్కాడలతో పులుసు పెడితే, పొగవాసన పులుసంతా పరుచుకొని, మరునాటి అన్నంలోకి వేరే కూర వండవలసిన పని ఉండదు.